సర్పంబా, సప్పంబా?

తిరుపతి: ముందస్తు నిర్బంధం మీద వ్యాసానికి తలకట్టుగా ఒక సుమతి పద్యం కావాలి. ‘ఎప్పుడు దప్పులు వెదకెడు నప్పురుషుని గొల్వగూడ దది యెట్లన్నన్’ దాకా వస్తోంది. ఆ తర్వాత ‘పాము పడగ నీడ’ అని నోట్లో ఆడుతోంది గానీ ప్రాస కుదరలేదు.

పలమనేరు: ‘సర్పంబు పడగనీడను గప్ప వసించిన విధంబు గదరా.’ ఇదీ కుదరదు సామీ. మూడు పాదాల్లో ప్ప, ఇక్కడ ర్ప. అసలు పాఠం ‘సప్పంబు’ అయ్యుంటుంది. ప్రాకృతంలో సప్పమే, గణమూ చెడదు.

కాళహస్తి: ప్రాకృతం దాకా ఎందుకు? పాత రాతలో రేఫ (ర్) తర్వాతి హల్లును రెట్టించి, ఆ రేఫకు గుర్తుగా పక్కన వలపలగిలక పెట్టేవాళ్లు. కంటికి ప్ప, నోటికి ర్ప.

పలమనేరు: ప్రాస చెవికా, కంటికా మాస్టారూ?

చిత్తూరు వకీలు: నా పేచీ ‘తప్పులు’ దగ్గర. నిర్బంధానికి తప్పు రుజువు కానక్కర్లేదు, చేస్తాడేమోనన్న అనుమానం చాలు. 1980 నాటి జాతీయ భద్రతా చట్టం కింద 12 నెలల దాకా లోపలుంచొచ్చు. 3 వారాల్లో సలహా మండలి ముందు పెట్టాలి. అక్కడ వకీలును పెట్టుకునే హక్కు లేదు. బయటపెట్టడం ప్రజాప్రయోజనం కాదనుకున్న సంగతులు దాచుకోనూవచ్చు. ఇంక వెదికేదేముంది?

తిరుపతి: నేను రాస్తున్నదీ అదే. అత్త పగలగొట్టింది అడుగోటి కుండ, కోడలు పగలగొట్టింది కొత్త కుండ. 1950లో మద్రాసు ప్రభుత్వం (మన జిల్లా అప్పుడు అందులోనిదే) క్రాస్‌రోడ్స్ పత్రికను ప్రజాభద్రత పేరుతో రానివ్వలేదు. సుప్రీంకోర్టు అది రాజ్యభద్రతతో సమానం కాదంటే, మరుసటేడు రాజ్యాంగాన్నే సవరించారు. 2005లో విరసాన్ని (విప్లవ రచయితల సంఘాన్ని) నిషేధించి, కొన్ని నెలలకే ఎత్తేశారు.

చిత్తూరు వకీలు: సోషలిస్టు నాయకుడు లోహియా కేసు వదిలేశారు. ఆయన నిర్బంధ ఉత్తర్వులో ‘పబ్లిక్ ఆర్డర్’ ఉండాల్సిన చోట ‘లా అండ్ ఆర్డర్’ అని పడింది. 1965లో ఆ ఒక్క ముక్క మీదే ఆయన విడుదలయ్యారు. ఆ తీర్పులో జడ్జి హిదాయతుల్లా గారు ఒకదానిలో ఒకటిగా మూడు వలయాలు చెప్పారు: లా అండ్ ఆర్డర్, దాని లోపల పబ్లిక్ ఆర్డర్, నడిమధ్య రాజ్యభద్రత. కింది అధికారులు ఇప్పటికీ బయటి వలయంలోని గొడవకు రెండో వలయం, అంటే పబ్లిక్ ఆర్డర్, పేరు పెడతా ఉండారు.

కాళహస్తి: దీనికి సుమతి చాలదు, ధూర్జటి కావాల. ‘రాజుల్ మత్తులు, వారి సేవ నరకప్రాయంబు.’ మా ఊరి కథే చూడండి. పాము మణులు పెడితే ఏనుగు తోసేసి మారేడు దళాలు పెట్టింది. ఎవరి పూజ వాళ్లకు భక్తి, ఎదుటివాడిది అపచారం.

తిరుపతి: తలకట్టుకు శార్దూల పద్యం పొడుగైపోతుంది మాస్టారూ.

పలమనేరు: పొడుగైనా పెట్టుకోండి. ధూర్జటి అయితే ప్పకు ర్ప వేసుండడు.