హెలిగన్ తోటలు పాడుబడ్డప్పుడే ఫోటోకి బాగుండేవా?

కెమెరా_పిచ్చోడు:
ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్ వైపు వెళ్ళినవాళ్ళు చెప్పండి. హెలిగన్ చూసొచ్చా. ట్రెమెయిన్ ఫ్యామిలీ ఎస్టేటు, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పట్టించుకునేవాళ్ళు లేక ముళ్ళకంపల్లో మునిగిపోతే 1990ల్లో టిమ్ స్మిట్ వాళ్ళు బాగుచేశారు, అంతవరకు ఓకే. కానీ ఇప్పుడు తాడు పట్టి గీసినట్టు మడులు, తళతళలాడే అద్దాలు, ఎటు చూసినా జనం. పాత ఫోటోల్లో కూలిన గ్లాస్‌హౌస్ మీద తీగలల్లుకుని ఉంటే ఆ ఫీలే వేరు. సగమైనా అలా వదిలేయాల్సింది. పైగా అసలు బంగళా ఫ్లాట్లు చేసేశారు, లోపలికి పోనివ్వరు.

పాతచెట్టు:
బ్రదర్, వదిలేసినది వదిలేసినట్టే ఉండిపోతుందా ఎక్కడైనా, ఇంకో పదేళ్ళకి ఆ చట్రం కూడా మట్టిలో కలిసేది, అప్పుడు మీరు తీసేది ఉత్త పొదలు. అసలు అక్కడ బాగుచేసింది దొరగారి దర్జా కాదు, పనివాళ్ళ పని. పైనాపిల్ పిట్ చూశారా? పక్కన గుంటల్లో పచ్చి గుర్రపు లద్ది నింపుతారు, అది కుళ్ళి వేడెక్కితే ఆ వేడికి ఆ చలిదేశంలో అనాసకాయ కాస్తుంది. మన సీతంపేటలో కొండ మీద ఊరికే కాసే కాయకి అంత తతంగం! ఆ లద్ది మార్చేవాళ్ళని తీయండి, పూలదేముంది ఎక్కడైనా దొరుకుతాయి.

కెమెరా_పిచ్చోడు:
లద్ది ఫోటోకి లైకులెవరు కొడతారండీ 😄

గుమ్మడిపాదు:
మరి థండర్‌బాక్స్ రూమ్? తోటపనివాళ్ళ మరుగుదొడ్డి అది. గోడ మీద పెన్సిల్‌తో పేర్లు రాసుకున్నారు, ఆగస్టు 1914 అని ఉంటుంది, సరిగ్గా బ్రిటన్ మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగిన నెల. వాళ్ళలో చాలామంది తిరిగి రాలేదు. గీతలు బాగా మాసిపోయాయి, పక్క నుంచి వెలుతురు పడితేనే కనిపిస్తాయి, ఫ్లాష్ కొడితే తెల్లగోడ తప్ప ఏం రాదు. కంప కొట్టకపోతే ఆ పేర్లే బయటపడేవి కావు కదా.

పాతచెట్టు:
అదే నేననేది. ఇంకోటి, జంగిల్ లోయలో చెక్కబాట సన్నగా ఉంటుంది, అక్కడ ట్రైపాడ్ పరిచి దారంతా ఆపేసేవాళ్ళని చూస్తే మాత్రం నాకు ఒళ్ళుమంట. మబ్బు రోజు వెళ్తే ఫెర్న్ చెట్ల కింద నీడలు గట్టిగా పడవు, ఐఎస్ఓ (తక్కువ వెలుతురులో కూడా ఫోటో వచ్చేలా చేసే కెమెరా సెట్టింగ్) కాస్త పెంచి చేత్తోనే తీయొచ్చు.

కెమెరా_పిచ్చోడు:
ట్రైపాడ్ విషయం ఒప్పుకున్నా, ఆ పేర్ల గోడ కూడా సరే. కానీ గ్లాస్‌హౌస్ ఒక్కటైనా కూలినట్టే ఉంచితే అసలు ఎంత పాడైందో వచ్చినవాడికి కళ్ళకి కనపడేది, బోర్డు చదివి ఊహించుకోవాల్సిన పనుండేది కాదు. దీనికి మీరిద్దరూ జవాబు చెప్పలేదు.

గుమ్మడిపాదు:
విరిగిన అద్దాల కింద పిల్లల్ని తిప్పుతారా? ఇన్సూరెన్స్ వాడు ఒప్పుకుంటే అప్పుడు మాట్లాడదాం.