ఈ వారం చర్చ: డ్రెడ్ ఆ మీట నొక్కడం సబబేనా?

సశేషం (చర్చ నడిపేది నేనే), బుధవారం రాత్రి 9:10

కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు. బ్రిటన్‌లో 1977 నుంచి వారం వారం వస్తున్న సైన్స్ ఫిక్షన్ కామిక్ '2000 ఏడీ'. దాని పాఠకులు సంచికను సంచిక అనరు, 'ప్రోగ్' అంటారు. 1982 జనవరి నుంచి జూన్ దాకా అందులో 25 భాగాలుగా వచ్చిన జడ్జ్ డ్రెడ్ కథ 'అపోకలిప్స్ వార్'. దాన్ని మనం అప్పటి పిల్లల్లాగే వారానికి ఒక్క భాగం చొప్పున చదువుతున్నాం. పాత డ్రెడ్ కథలను కలిపి వేసిన 'కేస్ ఫైల్స్' పుస్తకాల్లో 5వ సంపుటిలో మొత్తం కథ ఉన్నా సరే, పేజీ తిప్పి ముందుకు వెళ్లకూడదు. అదొక్కటే మన రూలు.

ఇక్కడిదాకా కథ: అమెరికా తూర్పు తీరంలో మెగా-సిటీ వన్ అనే మహానగరం, 80 కోట్ల జనం. పట్టుకునేది, తీర్పు చెప్పేది, కాల్చేది ఒక్కరే, వాళ్లే జడ్జిలు. డ్రెడ్ వాళ్లలో ఒకడు. సోవియట్ నగరం ఈస్ట్-మెగ్ వన్ నుంచి వచ్చిన ఓర్లాక్ అనే ఏజెంటు నీళ్లలో మందు కలిపాడు. జనం పిచ్చెక్కినట్టు ఒక అపార్ట్‌మెంట్ బ్లాకు వాళ్ల మీద ఇంకో బ్లాకు వాళ్లు పడి కొట్టుకున్నారు. ఆ గొడవలో ఉండగానే అణుబాంబులు పడ్డాయి, వెనకే సైన్యం దిగింది. సగం మంది పోయారు. ఛీఫ్ జడ్జ్ గ్రిఫిన్‌ను పట్టుకెళ్లి బ్రెయిన్‌వాష్ చేసి, లొంగిపొమ్మని ఆయన చేతే జనానికి చెప్పించారు. డ్రెడ్ ఆయన్ని కాల్చి చంపాడు.

ఈ వారం: డ్రెడ్ కొద్దిమందిని వెంటేసుకుని శత్రువు క్షిపణి స్థావరంలోకి దూరాడు. వాళ్ల క్షిపణులనే వాళ్ల నగరం మీదికి గురిపెట్టాడు. అవతలివాళ్లు బతిమాలారు. నా నగరం సగం బూడిదయ్యాక నన్ను దయ అడుగుతున్నారా, కుదరదన్నాడు. నొక్కేశాడు. 50 కోట్ల మంది.

సబబేనా?

ముక్కుసూటి, 9:22

సబబే. ఇందులో చర్చేముంది? మన ఇంట్లో జొరబడి సగం మందిని నరికి, మిగతావాళ్లను కట్టేసి హాల్లో కూర్చున్నవాడితో నీతులు మాట్లాడతామా? యుద్ధం మొదలుపెట్టింది వాళ్లు. మామూలు పద్ధతిలో గెలిచే దారి లేదని ఇరవై వారాలుగా చూస్తూనే ఉన్నాం. ఒక్క మీటతో యుద్ధం ముగిసింది. డ్రెడ్ స్థానంలో నేనున్నా నొక్కేవాణ్నే. చాలామంది నొక్కేవాళ్లే, పైకి చెప్పరు, అంతే.

బాల్కనీ టికెట్, 9:31

ముక్కుసూటి అన్నా, యుద్ధం మొదలుపెట్టింది ఆ 50 కోట్ల మందా? ఆ నగరంలో ఓటు లేదు, ఎన్నికల్లేవు. పెత్తనం చేసింది పైన గుప్పెడు మంది. స్కూలుకెళ్లే పిల్లకి ఓర్లాక్ ఎవడో తెలుసా?

ఇంకో సంగతి. అతన్ని ఆపగల పై అధికారి ఒక్కడుండేవాడు. ఆయన్నీ తనే కాల్చాడు. అది తప్పనిసరి అయి ఉండొచ్చు, కాదనను. కానీ తర్వాత జరిగింది చూడండి. 50 కోట్ల ప్రాణాల మీద తీర్పు చెప్పింది ఒక్క మనిషి. విచారణ లేదు, అప్పీలు లేదు. రోడ్డు మీద చెత్త వేసినవాడికి ఆ ఊళ్లో పడే శిక్షకీ దీనికీ పద్ధతిలో తేడా ఏముంది? అంకెలో తప్ప.

ముక్కుసూటి, 9:35

మెగా-సిటీ వన్‌లో చచ్చిన 40 కోట్ల మందికి మాత్రం ఓటుందా తమ్ముడూ? అక్కడా జడ్జిల రాజ్యమే కదా.

బాల్కనీ టికెట్, 9:36

నేనూ అదే అంటున్నా. రెండు వైపులా ఓటులేని జనమే చచ్చారు.

పాత పేపర్ల కొట్టు, 10:04

మీ ఇద్దరూ కొట్టుకుంటూ ఉండండి. నేను బొమ్మ దగ్గరే ఆగిపోయాను.

ఈ 25 భాగాలూ గీసింది ఒక్కడే, కార్లోస్ ఎజ్‌క్వెర్రా. స్పెయిన్ వాడు, ఫ్రాంకో నియంతృత్వంలో పెరిగాడు. డ్రెడ్ వేషాన్ని రూపొందించింది కూడా ఆయనే. భుజం మీద ఆ డేగ, ఆ బెల్టు, ఆ బూట్లు చూస్తే ఎక్కణ్నుంచి వచ్చాయో చెప్పక్కర్లేదు. మొదట్లో తను రూపం ఇచ్చిన డ్రెడ్ వేరేవాళ్ల గీతలతో అచ్చయ్యేసరికి పక్కకు తప్పుకుని, కొన్నేళ్ల తర్వాత మళ్లీ ఈ కథతోనే డ్రెడ్ దగ్గరికొచ్చాడు. ఆయన గీత పట్టేయడం సులువు. మనిషి చుట్టూ లావుపాటి గీత, దాని అంచు రంపంలా పళ్లు పళ్లుగా ఉంటుంది.

ఇప్పుడు మీట దగ్గరికి రండి. ఎవరైనా సరే అలాంటి పని చేసేముందు మొహంలో ఏదో ఒకటి కనిపించాలి కదా. డ్రెడ్ హెల్మెట్ తియ్యడు, దాదాపు ఎప్పుడూ తియ్యడు. కళ్లు ఉండవు. ఉన్నదల్లా గడ్డం, కిందికి వంగిన మూతి. చెత్త వేసినవాడికి శిక్ష వేసేటప్పుడు ఆ మూతి ఎలా ఉందో ఇక్కడా అలాగే ఉంది. తడబడ్డాడా, కసిగా చేశాడా, ఏమీ తెలియదు. ఖాళీ వదిలారు, మనమే నింపుకోవాలి. ముక్కుసూటి గారు అందులో ధైర్యం నింపారు, బాల్కనీ బాబు పొగరు నింపాడు. నాకైతే ఏమీ కనపడలేదు. దానికే ఒళ్లు జలదరించింది.

లీడ్స్ చలి, 10:20

నేనుండేది ఇంగ్లండ్‌లో కాబట్టి ఒక సంగతి చెప్తాను. మా ఆఫీసులో ఒకాయన 1982లో పదకొండేళ్లవాడు, ఈ భాగం అప్పుడే చదివాడు. వాళ్ల ఇంట్లో ఈ కామిక్‌తో పాటు ఇంకో పుస్తకం కూడా ఉండేదట. అణుయుద్ధం వస్తే ఏం చెయ్యాలో చెప్పే ప్రభుత్వ పుస్తకం, 'ప్రొటెక్ట్ అండ్ సర్వైవ్'. 1980లో అమ్మకానికి పెట్టారు. ఇంట్లో తలుపులు ఊడదీసి గోడకు వాలుగా నిలబెట్టాలి, వాటి మీద మట్టి నింపిన సంచులు పేర్చాలి, కింద కుటుంబమంతా దూరాలి. 14 రోజులకు తిండీ నీళ్లూ దగ్గర పెట్టుకోవాలి. ఈయన కూడా వాళ్ల గది తలుపు ఊడదీద్దామని స్క్రూడ్రైవర్ పట్టుకుంటే నాన్న వీపు విమానం మోత మోగించాడట.

అమెరికా క్రూయిజ్ క్షిపణులు తెచ్చిపెడతారని గ్రీన్‌హమ్ కామన్ వైమానిక స్థావరం దగ్గర ఆడవాళ్లు 1981 సెప్టెంబరులో శిబిరం వేసి కూర్చున్నారు. కథ నడుస్తుండగానే ఏప్రిల్‌లో ఫాక్‌లాండ్స్ యుద్ధం మొదలైంది. దాదాపు 900 మంది నిజం మనుషులు చనిపోయారు. రోజూ టీవీలో అదే. శనివారం కామిక్ తెరిస్తే 50 కోట్లు.

ఆయన ఈ భాగం చదివి మంచం మీద ఎగిరి గంతేశాడట. "మన"వాడు గెలిచాడని. నలభై ఏళ్ల తర్వాత అది చెప్తూ కాస్త సిగ్గుపడ్డాడు, కాఫీ కప్పులోకి చూస్తూ. నేను సబబా కాదా అని అడగలేదు. అడిగి ఉండాల్సింది.

బాల్కనీ టికెట్, 10:27

చూశారా, నా అసలు కంప్లైంట్ ఇదే. రాసిన జాన్ వాగ్నర్, అలన్ గ్రాంట్ వ్యంగ్యంగానే రాశారని అందరూ అంటారు. ఒప్పుకుంటా. కానీ పదకొండేళ్ల పిల్లాడు మంచం మీద గంతేశాడంటే ఆ వ్యంగ్యం ఎక్కడ చేరినట్టు? హీరో ఎలివేషనూ కావాలి, "మేం విమర్శించాం" అనే పేరూ కావాలి. అత్తకు మంచే, కోడలికీ మంచే.

గోదారి గట్టు, 10:41

మీరంతా ఇంగ్లండ్, అమెరికా అంటున్నారు గానీ నాకు మొదటి పేజీ నుంచీ సౌప్తిక పర్వమే గుర్తొస్తోంది. అశ్వత్థామ రాత్రిపూట శిబిరంలో దూరి నిద్రపోతున్నవాళ్లను చంపలేదా? అతని వైపూ కారణం ఉంది. తండ్రిని మోసం చేసి చంపారు. పగ న్యాయమైనదే అనుకున్నాడు. తర్వాత బ్రహ్మశిరోనామకాస్త్రం వేశాడు, అర్జునుడూ వేశాడు. వెనక్కి తీసుకోమని పెద్దలు అడిగితే అర్జునుడు తీసుకున్నాడు. అశ్వత్థామకు తీసుకోవడం చేతకాలేదు, ఉత్తర కడుపు మీదికి మళ్లించాడు. డ్రెడ్‌నీ వద్దని బతిమాలారు. ఆగడం చేతనయినవాడా, కానివాడా? నా దృష్టిలో రెండో రకం.

ముక్కుసూటి, 10:46

గట్టు గారూ, డ్రెడ్‌ను బతిమాలింది వ్యాసుడూ నారదుడూ కాదండి, శత్రువు. తన నగరం మీద బాంబులు పడ్డప్పుడు వాడు ఎవరి మాటైనా విన్నాడా?

పోలిక బాగుంది గానీ ఇక్కడ అతకదు.

ఫుల్ సెట్ నా దగ్గరుంది, 10:58

నవ్వొస్తోంది మీ చర్చ చూస్తుంటే. అశ్వత్థామకు నుదుటి మణి పీకి అడవుల్లోకి తోలారు. డ్రెడ్‌కు కథ చివర్లో ఏమిస్తామన్నారో తెలుసా? ఛీఫ్ జడ్జ్ పదవి. వద్దన్నాడు, అది వేరే సంగతి.

ఇంకా వినండి. డ్రెడ్ కథలో మనకు ఏడాది గడిస్తే అక్కడా ఏడాది గడుస్తుంది. 1982లో మీట నొక్కాడు, అక్కడి లెక్కలో 2104. సరిగ్గా ముప్ఫై ఏళ్లకు, 2011-12లో వాగ్నర్ 'డే ఆఫ్ కేయాస్' రాశాడు. ఆ ఈస్ట్-మెగ్ వన్‌లో మిగిలినవాళ్లు రోగం పంపి పగ తీర్చుకున్నారు. మెగా-సిటీ వన్‌లో 35 కోట్ల మంది పోయారు, మిగిలింది 5 కోట్లు. మీట నొక్కి నగరాన్ని కాపాడాడు అంటున్నారే, ఏ నగరాన్ని? సమాధానం అప్పుడే వచ్చేసింది. వారానికో ముక్క కొరుక్కుంటూ కూర్చుంటే ఇలాగే ఉంటుంది.

సశేషం, 11:02

బాబూ, రూలు ఏమని చెప్పాను? ఇది మూడోసారి. చివరి భాగం సంగతి చెప్పేశావు. తీసేద్దామనుకున్నా, కానీ అప్పటికే అందరూ చదివేశారు. ఈ నెలంతా చదవడం వరకే, రాయొద్దు.

ముక్కుసూటి, 11:09

అక్కా, తీసెయ్యకండి, అతనికి జవాబు చెప్పాలి. ముప్ఫై ఏళ్ల తర్వాత రచయిత ఇంకో కథ రాస్తే దాన్నిబట్టి ఈ వారానికి మార్కులు వేస్తారా? నొక్కిన క్షణంలో డ్రెడ్‌కు తెలిసిందేంటి? నగరం సగం చచ్చింది, మిగతా సగం బానిసలవుతున్నారు. అంతే తెలుసు. తర్వాత తెలిసినవాటితో ముందు చేసిన పనికి తీర్పు చెప్పడం మా ఆఫీసులో ఆడిట్ వాళ్లు చేసే పని.

పాత పేపర్ల కొట్టు, 11:15

ఇందులో నేను ముక్కుసూటి గారి వైపే. అప్పటి పాఠకుడి చేతిలో ఉన్నది ఐదారు పేజీలు, నాసిరకం న్యూస్‌ప్రింట్. ఆ తర్వాతి పేజీలో ఈ కథ ఉండదు. వారం రోజులు దానితోనే ఉండాలి. సంపుటిలో అయితే మీట నొక్కిన పది సెకన్లకు నువ్వు తర్వాతి సీన్‌లో ఉంటావు. 50 కోట్ల మందికి పది సెకన్లు. ఫుల్ సెట్ బాబుకు ఈ భాగం చదవడానికి ఎంతసేపు పట్టిందో అడగండి.

ఫుల్ సెట్ నా దగ్గరుంది

(ఈ సభ్యుడు ప్రస్తుతం రాయలేరు)

సశేషం, 11:40

నేనెటూ చెప్పలేదు కదా. పొద్దుట్నుంచీ ఒక సంగతి మనసులో గుచ్చుకుంటోంది, అది చెప్పి పడుకుంటా.

ఈ భాగం అయ్యాక వెనక్కి వెళ్లి పాత చర్చలు తిరగేశాను. ముందుకు తిప్పకూడదన్నాను గానీ వెనక్కి వద్దనలేదు కదా. కొన్ని వారాల కిందట ఏం జరిగింది? మెగా-సిటీ వన్ తిరిగి క్షిపణులు వేసింది. ఈస్ట్-మెగ్ వన్ చుట్టూ 'వార్ప్' అనే కవచం ఉంది. అది ఆ క్షిపణులను పట్టి ఇంకో లోకంలోకి తోసేసింది. అక్కడ మనలాంటిదే ఇంకో భూమి. ఆ భూమి నాశనమైపోయింది. వాళ్లకు ఈ యుద్ధంతో సంబంధం లేదు, మెగా-సిటీ వన్ అనేది ఉందనే తెలియదు. ఎందుకు చస్తున్నారో తెలియకుండానే చచ్చారు.

ఆ వారం మన చర్చలో 31 పోస్టులున్నాయి. కవచం ఎలా పనిచేస్తుంది, భౌతికశాస్త్రం ఒప్పుకుంటుందా, ఓర్లాక్ మళ్లీ వస్తాడా. ఆ భూమి మీద జనం గురించి ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. ముక్కుసూటి మీమ్ పెట్టాడు, పార్సిల్ తప్పు అడ్రస్‌కు డెలివరీ అయిందని. పడీపడీ నవ్వినది ఎవరనుకున్నారు, నేనే. నా పేరుతోనే ఉంది అక్కడ, మూడు నవ్వు బొమ్మలు.

ఈ వారం 50 కోట్లకు ఇంత పోట్లాడుకున్నాం. ఎందుకంటే ఇక్కడ ఒక మనిషి మీట నొక్కడం చూపించారు, అవతలివాళ్లు బతిమాలడం చూపించారు. అక్కడ బతిమాలడానికి కూడా ఎవరినీ చూపించలేదు. బాల్కనీ, వ్యంగ్యం ఎక్కడ చేరిందని అడిగావు. నాకు చేరేసరికి ఇన్ని వారాలు పట్టింది.

లీడ్స్ చలి, 11:48

ఆ చర్చలో నా పోస్టు కూడా ఉంది. కవచం మీద మూడు పేరాలు రాశాను. బొమ్మలు కూడా వేసి.

ముక్కుసూటి, 11:55

ఆ పేజీ మళ్లీ తీసి చూశాను. డ్రెడ్ విషయంలో నా మాట మార్చుకోను, ఇంకో దారి ఉందని ఎవరూ చూపించలేదు.

మీమ్ మాత్రం తీసేశా.

సశేషం, గురువారం ఉదయం 7:05

వచ్చే బుధవారం ఇదే టైముకు తర్వాతి భాగం. ముందే చెప్తున్నా, 267వ ప్రోగ్ అయ్యాక ఒక వారం ఖాళీ ఉంటుంది. 268లో ఈ కథ రాలేదు, 269లో మళ్లీ మొదలవుతుంది. మనమూ ఆ వారం ఖాళీ వదిలేద్దాం.

బాల్కనీ టికెట్, 7:11

అన్యాయం అక్కా. మనకేం ఖర్మ, మనం 1982లో లేం కదా?