ఉటంకింపు పక్కన మూలగ్రంథాన్ని చూపాలా, నా చేతిలో ఉన్న ప్రతిని చూపాలా?

ప్రశ్న (ఎం.ఏ. తెలుగు, చివరి సంవత్సరం విద్యార్థిని)

అందరికీ నమస్కారం. గురజాడ అప్పారావు గారి ‘కన్యాశుల్కం’లోని వాడుకభాష మీద లఘు సిద్ధాంత వ్యాసం రాస్తున్నాను. మొదటి రెండు అధ్యాయాలు మా పర్యవేక్షకులకు చూపిస్తే, వారం తరవాత దాదాపు ప్రతి పుటలోనూ ఎర్ర సిరా గుర్తులతో తిరిగి వచ్చాయి. విషయం బాగుందన్నారు గానీ, “ఈ మాట నీకెక్కడ దొరికింది?” అని పదకొండు చోట్ల అంచులో రాశారు.

నా సందేహాలు ఇవి. నాటకంలోని సంభాషణలను ఇటీవల కొన్న ఒక పునర్ముద్రణ నుంచి ఎత్తి రాసుకుని, నాటకం మొదట అచ్చయిన సంవత్సరం కదా అని అన్నిటి పక్కనా 1897 అని వేశాను. ఇది తప్పా? ఒక పాత విమర్శకుడి అభిప్రాయం శోధగంగలో (విశ్వవిద్యాలయాల సిద్ధాంత వ్యాసాలను ఉంచే వెబ్‌సైటు) ఉన్న వేరొకరి సిద్ధాంత వ్యాసంలో కనిపించింది. ఆ విమర్శకుడి పుస్తకం నేను చూడలేదు, అయినా పాదసూచికలో ఆ పుస్తకం పేరే రాశాను. కొన్ని మాటల అర్థాలు బ్రౌన్ నిఘంటువు నుంచి తీసుకుని ‘1852’ అని వేశాను, కాని చూసింది ఇంటర్నెట్‌లో. ఒక ఇంగ్లీషు వ్యాసంలోని రెండు పేరాలను నా తెలుగులో రాసుకున్నాను. వాక్యాలు నావే కాబట్టి దానికి ఆధారం చూపాల్సిన అవసరం ఉందా? చివరిగా, ఉపయుక్త గ్రంథసూచిలో రచయితల పేర్లు ఏ వరసలో రాయాలో కూడా దయచేసి చెప్పండి.

జవాబు (విశ్రాంత తెలుగు అధ్యాపకుడు)

అమ్మా, మీ మొదటి సందేహమే అన్నిటికంటె ముఖ్యమైనది కాబట్టి దాని గురించి కొంచెం వివరంగా రాస్తాను. ‘కన్యాశుల్కం’ అనే పేరుతో మన ముందున్నవి రెండు పాఠాలు. 1892లో ప్రదర్శనకెక్కి 1897లో అచ్చయినది ఒకటి. అప్పారావు గారు దాన్నే బాగా పెంచి, చాలా భాగం తిరగరాసి 1909లో వెలువరించినది రెండోది. ఇవాళ అంగళ్లలో దొరికే ప్రతులు సాధారణంగా ఈ రెండో కూర్పువే. మీరు రెండో కూర్పులోని గిరీశం మాటను తీసుకుని పక్కన 1897 అని వేస్తే, రచయిత 1909లో అచ్చువేయించిన మాటను పన్నెండేళ్లు వెనక్కి జరిపినట్లవుతుంది. వేరే అంశం మీద రాసే వ్యాసంలో అయితే దీన్ని తారీఖు పొరపాటు అని సరిపెట్టుకోవచ్చునేమో గాని, మీరు రాస్తున్నది వాడుకభాష గురించి. ఆ పన్నెండేళ్లలో రచయిత పాత్రల నోట భాషను ఎలా మార్చాడన్నది మీ వ్యాసానికి ప్రాణం వంటి ప్రశ్న. తప్పు సంవత్సరం వేస్తే ఆ ప్రశ్న అడగడానికే వీలు లేకుండా పోతుంది.

అందువల్ల మీ చేతిలో ఉన్న పునర్ముద్రణ ప్రచురణకర్త పేరు, అది అచ్చయిన సంవత్సరం రాసి, అది రెండో కూర్పు (1909) పాఠమని స్పష్టంగా చెప్పండి. ముఖపత్రం వెనక పుట తప్పకుండా చూడండి. ఏ కూర్పును అనుసరించారో సంపాదకులు చాలాసార్లు అక్కడో, ముందుమాటలోనో చెబుతారు. పుట సంఖ్యతో పాటు అంకం, స్థలం (అంటే అంకంలోని రంగం) కూడా రాయడం అలవాటు చేసుకోండి. విజయనగరంలో బొంకులదిబ్బ దగ్గర గిరీశం తనలో తాను మాట్లాడుకునే ఘట్టం మీ ప్రతిలో ఒక పుటలోనూ నా ప్రతిలో మరో పుటలోనూ ఉండవచ్చు, కాని ‘ప్రథమాంకం, 1వ స్థలం’ అంటే రెండో కూర్పు ఏ ప్రతి ఉన్న పాఠకుడైనా తిన్నగా అక్కడికే వెళతాడు. ప్రాచీన కావ్యాలకు మన పెద్దలు ఆశ్వాసం, పద్యసంఖ్య వేసింది కూడా ఇందుకే. భారతం విషయంలో పర్వం, ఆశ్వాసం రాయకపోతే రచయిత ఎవరో కూడా తేలదు. అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో ఒక పద్యం దాకా నన్నయ, అక్కడి నుంచి ఎర్రన.

జవాబు (పరిశోధక విద్యార్థి, పీహెచ్.డి.)

రెండో సందేహానికి జవాబు చిన్నదే. మీరు చూడని పుస్తకాన్ని చూసినట్లు రాయకూడదు. పాదసూచికలో ముందు విమర్శకుడి పేరు, ఆయన పుస్తకం పేరు ఇచ్చి, ‘ఉటంకింపు’ అని రాసి, దాని తరవాత మీరు చదివిన సిద్ధాంత వ్యాసం వివరాలు, పుట సంఖ్య ఇవ్వండి. ఉపయుక్త గ్రంథసూచిలోకి మాత్రం మీరు చదివిన సిద్ధాంత వ్యాసమే రావాలి. మూలం దొరికే అవకాశం ఏ మాత్రం ఉన్నా వెతికి చూడటమే మంచిది, ఎందుకంటే ఎత్తి రాసేటప్పుడు మాటలు జారిపోవడం మనం అనుకునేదానికంటె ఎక్కువ.

ఇంగ్లీషు వ్యాసం సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. వాక్యాలు మీవే అయినా ఆలోచన, వాదన నడిచిన దారి, ఉదాహరణలు ఆ రచయితవి. ఆధారం చూపకుండా అనువదించడం కూడా గ్రంథచౌర్యమే. పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్ రెండు భాషల మధ్య దాన్ని పట్టుకోకపోవచ్చు గాని, వైవాలో (మౌఖిక పరీక్షలో) ఆ వ్యాసం చదివిన పరీక్షకులు మీ ఎదురుగా కూర్చోవచ్చు. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం మధ్య ఉంటే ఆరు నెలల లోపల సవరించి ఇవ్వాలి. 40 నుంచి 60 మధ్య ఉంటే ఏడాది పాటు సవరించిన ప్రతి ఇవ్వడానికి వీలుండదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. సరైన ఆధారంతో చూపిన ఉటంకింపులను, గ్రంథసూచిని ఆ లెక్క నుంచి మినహాయిస్తారు. అంటే ఆధారం చూపడం మీకు రక్షణ కూడా.

ఇంకో మాట. మీ వ్యాసం ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలో టైపు చేయిస్తున్నట్లయితే ఇప్పుడే యూనికోడ్‌లోకి మార్చుకోండి. అను ఫాంట్లలోని అక్షరాలను సాఫ్ట్‌వేర్ తెలుగుగా చదవలేదు కాబట్టి, వచ్చే శాతానికి అర్థం ఉండదు.

జవాబు (కళాశాల గ్రంథపాలకురాలు)

నిఘంటువు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్నాను. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు తొలి ముద్రణ 1852 నాటిదన్నది నిజమే. కాని షికాగో విశ్వవిద్యాలయం వారి డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీలో మనం వెతికి చూసుకునేది 1903లో మద్రాసులో వెలువడిన సవరించిన కూర్పు. దాన్ని పరిష్కరించిన వారిలో కందుకూరి వీరేశలింగం గారు ఒకరు. అక్కడ కనిపించే అర్థం బ్రౌన్ రాసిందో, పరిష్కర్తలు చేర్చిందో రెండు ముద్రణలూ పక్కపక్కన పెట్టి చూస్తే గాని తెలియదు. కాబట్టి 1903 అనే వేయండి, ఏ వెబ్‌సైటులో ఏ తేదీన చూశారో కూడా రాయండి.

స్కాన్ చేసిన పాత పుస్తకాలు వాడేటప్పుడు పీడీఎఫ్ తెర మీద చూపే అంకెను పుట సంఖ్యగా రాయకండి. అట్ట, ముఖపత్రం, పీఠిక కలుపుకుని లెక్కించడం వల్ల తెర మీద 43 అని కనిపించే చోట పుట మీద 27 అని అచ్చయి ఉండవచ్చు. రాయవలసింది అచ్చులో ఉన్న అంకె. కొన్ని పాత పుస్తకాల మీద ‘ప్రభవ’ అని సంవత్సర నామం మాత్రమే ఉంటుంది. అరవయ్యేళ్లకోసారి తిరిగి వచ్చే ఆ పేరు 1867, 1927, 1987లలో మొదలైన మూడు సంవత్సరాలకూ చెల్లుతుంది కాబట్టి, ముద్రణాలయం పేరు, పీఠిక చూసి నిర్ధారించుకున్నాకే అంకె వేయండి.

పేర్ల విషయంలో మన దగ్గర ఇంటిపేరు ముందే ఉంటుంది. కాబట్టి తెలుగు గ్రంథసూచిలో ‘గురజాడ అప్పారావు’ అని కామా లేకుండా రాసి, అకారాది క్రమంలో ‘గ’ దగ్గర పెట్టడం సహజమైన పద్ధతి. గ్రంథసూచి తయారుచేసే జోటెరో వంటి సాఫ్ట్‌వేర్‌లో పేరును రెండు గడుల్లో విడగొట్టి నింపితే కామా తెచ్చి పెడుతుంది. ఒకే గడిగా మార్చుకునే వీలు అందులోనే ఉంది. ఇంగ్లీషులో రాసే వ్యాసాల్లో ఈ గందరగోళం ఎక్కువ. వెల్చేరు నారాయణరావు గారి పేరు కొన్ని సూచికల్లో వెల్చేరు కింద, కొన్నిటిలో నారాయణరావు కింద, మరికొన్నిటిలో ఒట్టి రావు కింద ఉంటుంది. ఆధారాలు చూపే పద్ధతుల్లో మీ విభాగం ఎంఎల్ఏ (MLA) అడిగినా ఏపీఏ (APA) అడిగినా, ఒక రచయితను మొదటి నుంచి చివరి దాకా ఒకే చోట ఉంచండి.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

అందరికీ కృతజ్ఞతలు. నా ప్రతి ముఖపత్రం వెనక చూశాను. రెండో కూర్పు అని చిన్న అక్షరాల్లో ఉంది, ఇన్ని నెలలూ నేను ఆ పుట తిప్పనే లేదు. 1897 అని వేసిన చోటల్లా దిద్ది, అంకం, స్థలం చేర్చాను. ఇంగ్లీషు వ్యాసానికి రెండు పేరాల దగ్గరా పాదసూచికలు పెట్టాను.

విమర్శకుడి పుస్తకం కోసం నిన్న జిల్లా గ్రంథాలయానికి వెళ్లాను. శిథిలమైన ప్రతి ఒకటి దొరికింది. శోధగంగలోని వ్యాసంలో ఆయన వాక్యం ‘ఈ భాష విశాఖ మండలపు వాడుక’ అని ముగుస్తుంది. మూలంలో ఆ వాక్యం అక్కడ ఆగలేదు. ‘అని కొందరందురు’ అన్న రెండు మాటలు తరవాతి పంక్తిలో ఉన్నాయి, ఆ అభిప్రాయాన్ని ఆయన ఆ కింది పేరాలో ఖండించారు. ఆయన మాటగా నేను వాడుకున్నది ఆయన ఒప్పుకోని మాట. నా రెండో అధ్యాయంలో ఆ వాక్యం ఆధారంగా నిలబెట్టిన నాలుగు పుటలు తీసేసి, ఇప్పుడు మళ్లీ రాస్తున్నాను.