ఉప్పాడ తీరం కోతకు రాళ్ల బదులు నీళ్ల కింద రీఫ్ (మునిగి ఉండే అడ్డుకట్ట) వేస్తే ఆగుతుందా?

ఉప్పాడోడు:
తుఫాను వచ్చినప్పుడల్లా కాకినాడ–ఉప్పాడ బీచ్ రోడ్డు కోసుకుపోవడం, మళ్లీ రాళ్లు తెచ్చి పోయడం, ఇదే వరస. జియోట్యూబ్ (ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాల) గోడ కూడా నిలబడలేదు. పుదుచ్చేరిలో సముద్రంలో ఏదో ముంచితే పోయిన బీచ్ తిరిగొచ్చిందట, మనకెందుకు వేయరు?

కెరటం_77:
నిజమే, 2018లో ఎన్ఐఓటీ (చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ) వాళ్లు వేసిన స్టీలు రీఫ్ అది, పైనుంచి చూస్తే ముక్కోణంలా ఉంటుంది. లోతు తక్కువయ్యేసరికి అల దాని మీదే విరిగిపోయి, ఒడ్డుకు జోరు తగ్గి వస్తుంది, అందుకని వెనక ఇసుక నిలుస్తుంది. రాళ్ల గోడైతే అలను వెనక్కి తన్ని తన ముందున్న ఇసుకనే పోగొట్టుకుంటుంది. కాకపోతే అక్కడ హార్బర్ మూతిలో తవ్విన ఇసుక కూడా తెచ్చి పోశారు, వీడియోల్లో ఆ ముక్క ఎవరూ చెప్పరు.

గోదారిగట్టు:
అసలు సంగతి ఆ ఇసుకే. ఆస్ట్రేలియా గోల్డ్ కోస్ట్‌లో నారోనెక్ దగ్గర ఇసుక సంచులతో రీఫ్ కట్టినప్పుడు బీచ్‌లో పది లక్షల ఘనపు మీటర్లకు పైగా ఇసుక పోశారు. ఫ్లోరిడా పామ్ బీచ్‌లో 1990ల్లో ఒడ్డు పొడవునా కాంక్రీటు దిమ్మెలు వేస్తే కోత ఇంకా పెరిగి, 1995లో పీకేశారు. దిమ్మెల మీదుగా లోపలికొచ్చిన నీళ్లు వెనక్కి పోలేక పక్కలకు పారి ఇసుకను ఊడ్చుకెళ్లాయి. ఇంకోటి, తుఫానుకు నీటిమట్టం లేస్తే రీఫ్ ఇంకా లోతుకు పోయినట్టే, అల పైనుంచి దాటేస్తుంది. ఇళ్లు మునిగే రోజున దాన్ని నమ్ముకోలేం.

వలరాజు:
వలలు తగులుకుంటే నష్టం ఎవరిస్తారు? బోయాలు కట్టి గుర్తు పెట్టకపోతే రాత్రి బోట్లకు కూడా టెన్షనే. చేపల కోసమని వేసే సిమెంటు రీఫ్‌లు వేరే అండోయ్, అవి లోతు నీళ్లలో ఉంటాయి, అలను ఆపవు. రెండూ ఒకటే అనుకుని మావాళ్లు ఆశపడుతున్నారు.

ఉప్పాడోడు:
మరి మనకు ఇసుక ఎక్కణ్ణుంచి తేవాలి? పోర్టు తవ్వేది పనికిరాదా?

గోదారిగట్టు:
విశాఖలో హార్బర్ దగ్గర తవ్విన ఇసుకనే ఆర్కే బీచ్‌కు పోస్తారు. కాకినాడ చానల్లో బురద ఎక్కువ, అది పోస్తే నాలుగు అలలకు కరిగిపోతుంది. ముందు ఎక్కడ ఎంత ఇసుక దొరుకుతుందో పరీక్ష చేయించమని అడగండి, రీఫ్ డిజైన్ ఆ తర్వాత.