ఇంజినీరింగ్, బిజినెస్ కలిసిన డిగ్రీ: ఏం చూసి ఎంచుకోవాలి?

ప్రశ్న:
మా అమ్మాయికి మెకానికల్ చదవాలని ఉంది. వస్తువు తయారు చేయడం ఒక్కటే కాదు, దాన్ని ఎవరు కొంటారు, ఎంతకు అమ్మాలి అన్నదీ నేర్చుకోవాలంటోంది. రెండూ కలిపిన కోర్సులు చాలానే కనిపిస్తున్నాయి. పేర్లు ఒకేలా ఉన్నా సబ్జెక్టుల జాబితా చూస్తే పొంతన లేదు. చివరికి రెంటికీ చెడ్డ రేవడి అవుతుందేమోనని మా భయం. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

జవాబు (ఇంజినీరింగ్ అధ్యాపకుడు):
అమ్మా, ముందు చేతికొచ్చే పట్టా ఒకటా, రెండా అన్నది చూడండి. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో మేనేజ్‌మెంట్ అండ్ టెక్నాలజీ ప్రోగ్రామ్ చదివితే అక్కడి బిజినెస్ స్కూల్ వార్టన్ నుంచి ఒకటి, ఇంజినీరింగ్ స్కూల్ నుంచి ఇంకొకటి, రెండు డిగ్రీలు వస్తాయి. కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్క్‌లీలో 2017లో మొదలైన ఎం.ఇ.టి. (మేనేజ్‌మెంట్, ఆంత్రప్రెన్యూర్‌షిప్ అండ్ టెక్నాలజీ) కూడా అలాంటిదే. జర్మనీలో విర్ట్‌షాఫ్ట్స్ ఇంజినీర్ చదువు వేరు. అక్కడ పట్టా ఒకటే, సాంకేతిక సబ్జెక్టులూ వాణిజ్యమూ అందులోనే కలిసి ఉంటాయి. బిట్స్ పిలానీలో ఐదేళ్ల డ్యూయల్ డిగ్రీ ఉంది: ఎమ్మెస్సీ ఎకనామిక్స్‌తో పాటు బీఈ. ఎకనామిక్స్, బిజినెస్ ఒకటి కావు. పైగా బీఈలో ఏ బ్రాంచి వస్తుందన్నది మొదటి ఏడాది మార్కుల మీద తేలుతుంది. మెకానికలే కావాలని పట్టుదల ఉన్న పిల్లకు ఈ సంగతి ముందే తెలియాలి.

ఒకే పట్టా ఇచ్చే కోర్సయితే అందులో ఇంజినీరింగ్ పాలు ఎంతో లెక్కపెట్టండి. థర్మోడైనమిక్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్, మెషిన్ డిజైన్ ల్యాబులతో సహా ఉన్నాయా? పరిచయం పేరుతో ఒక్కో పేపరుతో సరిపెడితే అది మెకానికల్ చదువు కాదు, పేరు ఏదైనా సరే.

గుర్తింపు కూడా చూడాలి. ఒక దేశం గుర్తించిన ఇంజినీరింగ్ డిగ్రీలను మిగతా సభ్య దేశాలూ గుర్తించేందుకు చేసుకున్న ఒప్పందం వాషింగ్టన్ అకార్డ్. అది 1989లో మొదలైంది, భారత్ 2014లో పూర్తి సభ్యత్వం పొందింది. ఈ ఒప్పందం కింద లెక్కకొచ్చే గుర్తింపు ప్రోగ్రామ్‌కు ఇస్తారు, కాలేజీకి కాదు. కాలేజీలో మామూలు మెకానికల్‌కు ఉన్నంత మాత్రాన పక్కనున్న కలిపిన కోర్సుకు ఉన్నట్టు కాదు. రేపు వేరే దేశంలో ఇంజినీరుగా లైసెన్సు తీసుకోవాలంటే ఇది అడ్డుపడొచ్చు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. రెండు డిగ్రీలదే తీసుకుని, మధ్యలో మోయలేకపోతే?

జవాబు (రెండు డిగ్రీల కోర్సు చదివినామె):
ఆంటీ, చేరకముందే అడగాల్సిన ప్రశ్న అదే. ఒకటి వదిలేస్తే రెండోది మామూలుగా పూర్తి చేయనిస్తారా, అప్పటిదాకా చదివిన పేపర్లు లెక్కలోకి వస్తాయా అని అడ్మిషన్ ఆఫీసుకు మెయిల్ పెట్టి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి.

భారం నిజంగానే ఎక్కువ. ఇంజినీరింగ్‌లో పేపర్లు ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి. లెక్కలు తప్పితే మెకానిక్స్ ఆగిపోతుంది. ఏడాదికి ఒక్కసారే చెప్పే పేపరైతే మళ్లీ ఏడాది ఆగాలి. బిజినెస్ వైపు ఇంత బిగువు ఉండదు. నాలుగేళ్లలో రెండూ ముగించాలంటే వేసవి సెలవులు క్లాసులకే పోయి ఇంటర్న్‌షిప్‌కు చోటు లేకుండా పోవచ్చు. రెండు డిగ్రీలకూ పనికొచ్చే ఉమ్మడి పేపర్లు ఎన్ని ఉంటే అంత మేలు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను: ఇంజినీరింగ్ బలంగా ఉన్నదే ఎంచుకోండి. ఇంజినీరింగ్ చేసి తర్వాత ఎంబీఏకు వెళ్లేవాళ్లు బోలెడు మంది. బిజినెస్ డిగ్రీతో మెకానికల్ మాస్టర్స్‌కు వెళ్లాలంటే లెక్కలు, ఫిజిక్స్, మెకానిక్స్ మళ్లీ మొదటినుంచి చదవాలి. మంచి జంట కోర్సులో సీటు రాకపోతే మామూలు మెకానికల్‌తో పాటు బిజినెస్ మైనర్ (డిగ్రీలోనే అదనంగా చదివే కొన్ని బిజినెస్ పేపర్లు) తీసుకున్నా పాప అడిగే ధర, అమ్మకం, అకౌంట్స్ చాలావరకు తెలుస్తాయి. ఫ్యాక్టరీ ఎలా నడవాలన్నదే ఆసక్తి అయితే ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ కూడా చూడమనండి. ఉత్పత్తి, ఖర్చు, నాణ్యత అన్నీ అందులోనే చెప్తారు.

మీరు చూస్తున్న కోర్సుల్లో మూడో ఏడాది టైమ్‌టేబుల్ దొరికితే ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం. బరువు ఎక్కడ పడుతుందో అందులో తెలిసిపోతుంది.