పెరట్లో రాత్రిపూట గడ్డలు తవ్వుతున్నది ఏ జంతువు?

ప్రశ్న (నర్సంపేట పెరడు):
మా ఇల్లు నర్సంపేట నుంచి పాకాల వెళ్ళే దారిలో, అడవికి దగ్గరగా ఉన్న ఊరిలో ఉంది. ఇంటి వెనుక కందగడ్డ, చామగడ్డ వేశాము. జామ, సపోటా చెట్లు కూడా ఉన్నాయి. వానలు తగ్గినప్పటి నుంచి తెల్లవారేసరికి కందగడ్డ తీగల మొదళ్ళలో పైన వెడల్పుగా, కింద సన్నగా ఉన్న గుంతలు కనబడుతున్నాయి. గడ్డ పోతున్నది కాని తీగ అక్కడే పడి ఉంటున్నది. ప్రహరీ గోడ మీద నల్లటి మలం, అందులో నిండా సపోటా గింజలు ఉంటున్నాయి. మా కుక్క ఒక్క రాత్రి కూడా మొరగలేదు. ఈమధ్య నలుపు తెలుపు పట్టీలున్న జానెడు ముల్లు ఒకటి దొరికింది. ఇదంతా ఒకే జంతువు పనేనా? పక్క చేను వారు కంచెకు కరెంటు పెట్టమంటున్నారు. పెద్దలు దయచేసి సలహా చెప్పగలరు.

జవాబు (ములుగు బాట):
రెండు జంతువులు వస్తున్నాయండీ. గడ్డలు తవ్వుతున్నది ఏదుపంది. ఆ ముల్లు దానిదే. అడవిపంది వచ్చి ఉంటే మూతితో మడి మొత్తం దున్నినట్లు తిరగేసేది, చీలిన గిట్టల గుర్తులు కూడా మట్టిలో పడేవి. ఏదుపంది అలా కాకుండా గడ్డ ఉన్న చోటునే వాసనతో పసిగట్టి, ముందరి కాళ్ళ గోళ్ళతో తవ్వి తిని పోతుంది. చెట్ల మొదళ్ళలో బెరడు కొరికిన గుర్తులున్నాయేమో కూడా చూడండి. గోడ మీద గింజల మలం వదిలినది మాత్రం మానుపిల్లి. అది పండ్లు తిని గింజలను అలాగే విసర్జిస్తుంది, ఎలుకలనూ పడుతుంది. తాటిచెట్టెక్కి లొట్టిలో కల్లు తాగిపోయే రకం కూడా ఇదే కనుక, గీత కార్మికులను అడిగితే దాని సంగతులు నాకంటే బాగా చెబుతారు.

జవాబు (హనుమకొండ వాసి):
ఏదుపంది ముళ్ళు విసురుతుందని మా ఇంట్లో చెప్పేవారు. అది నిజమైతే కుక్కకు ప్రమాదమే కదా?

జవాబు (ములుగు బాట):
విసరలేదు. బెదిరినప్పుడు ముళ్ళు నిక్కబొడుచుకొని, తోక ముళ్ళు గలగలలాడిస్తుంది; అప్పటికీ ఎదుటి జంతువు తగ్గకపోతే వెనక్కు తిరిగి వీపుతో దూసుకొస్తుంది. వదులుగా ఉన్న ముళ్ళు అప్పుడే గుచ్చుకొని ఊడిపోతాయి. అందువల్ల రాత్రిపూట కుక్కను కట్టేయడమే మేలు.

జవాబు (భూపాలపల్లి రైతు):
కరెంటు మాట మాత్రం మరిచిపోండి. లైను నుంచి తీగ లాగి కంచెకు కలిపితే ఆ చీకట్లో కాలు పెట్టేది ఏదుపందే కానక్కరలేదు. మన పశువు కావచ్చు, తెల్లవారుజామున నీళ్ళు పెట్టడానికి వచ్చిన మనిషి కావచ్చు. అటువంటి మరణాలు మన జిల్లాలకు కొత్తవి కావు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు, దానితో పాటు విద్యుత్ చౌర్యం కేసు కూడా ఎదుర్కోవలసి వస్తుంది. సోలార్ కంచె వేరు. అందులో వచ్చేది క్షణకాలపు షాక్ మాత్రమే. అయినా ఇంటి పెరటికి అంత ఖర్చు అనవసరమని నా అభిప్రాయం. చేల చుట్టూ కట్టే పాత చీరలు కూడా మీకు పెద్దగా పనికిరావు. అవి అడవిపందులను కొన్నాళ్ళు బెదిరిస్తాయేమో గాని, నేల పట్టుకొని వచ్చే ఏదుపందిని ఆపవు. గడ్డల మడి వరకు గట్టి ఇనుప జాలి వేసి, దాని అడుగు భాగాన్ని మూరెడు లోతున పాతిపెట్టండి. సపోటాలను పక్వానికి రాగానే కోసి ఇంట్లో మాగబెట్టుకుంటే మానుపిల్లి రాక తగ్గుతుంది. ఒక జాగ్రత్త: ఎప్పుడైనా పెరటి దగ్గరి చెదపుట్ట పగలగొట్టి, పొడవాటి గోళ్ళ గీతలు కనబడితే అది ఎలుగుబంటి కావచ్చు, అప్పుడు చీకట్లో బయటకు వెళ్ళకుండా అటవీ శాఖ బీట్ అధికారికి చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. చెదపుట్టలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. జామ మొదలు చూస్తే బెరడు కొరికిన గుర్తులు నిజంగానే ఉన్నాయి. ఆ చెట్టు చుట్టూ కూడా జాలి వేయాలా?

జవాబు (భూపాలపల్లి రైతు):
వేయండి, కాని కాండానికి ఆనకుండా బెత్తెడు ఎడంగా ఉంచండి. బెరడు చుట్టూతా పోతే చెట్టు ఎండిపోతుంది; ఒకవైపే పోయి ఉంటే బతుకుతుంది.