మహిళా నాయకత్వానికి విరాళం: ఎంపిక చేసిన మనిషికా, నడుస్తున్న సంస్థకా?

ఊటబావి (చర్చ మొదలుపెట్టినవారు)

నేను ఒక చిన్న ట్రస్టు కమిటీలో సభ్యురాలిని. మహిళలు నడిపే సామాజిక సంస్థలకు మూడేళ్ల పాటు నిధులివ్వాలని తీర్మానం చేశాం. ఎలా ఇవ్వాలన్న దగ్గర కమిటీ రెండుగా చీలింది. సగం మంది ఫెలోషిప్ పెడదామంటున్నారు. చొరవ ఉన్న పది మంది మహిళల్ని ఎంచుకుని భృతి, శిక్షణ ఇచ్చి పెద్దవాళ్లకు పరిచయం చేయాలన్నది వాళ్ల మాట. నాతో కలిపి మిగతావాళ్లం, సభ్యురాళ్లే నడుపుకునే సంస్థలకు షరతులు పెట్టకుండా ఇద్దామంటున్నాం. వచ్చే వారం తేల్చాలి. మీ అనుభవాలు కావాలి.

నా అభిప్రాయం దాచను. 1972లో కార్మిక నాయకురాలు ఇలా భట్ అహ్మదాబాద్‌లో స్వయం ఉపాధి మహిళల సంఘం 'సేవా'ను ట్రేడ్ యూనియన్‌గా రిజిస్టర్ చేయించారు. చిన్నచిన్న పనులు చేసుకునే ఆ మహిళల్ని బ్యాంకులు పట్టించుకోలేదు. 1974లో నాలుగు వేల మంది తలా పది రూపాయల వాటా వేసుకుని సొంత సహకార బ్యాంకు పెట్టుకున్నారు. ఇలా భట్ గొప్ప నాయకురాలు, అందులో సందేహం లేదు. అయినా నన్ను కదిలించేది ఆ పది రూపాయల వాటాయే. ఆ వాటా ఉన్న మనిషి సర్వసభ్య సమావేశంలో లేచి, వడ్డీ ఎందుకంత ఉందని అడగగలదు.

మెక్సికోలో కంపార్తమోస్ కథ దీనికి పూర్తిగా వేరు. 1990లో పేదలకు, ముఖ్యంగా మహిళలకు అప్పులిచ్చే లాభాపేక్ష లేని సంస్థగా మొదలై, దాతల సాయంతో పెరిగింది. తర్వాత కంపెనీగా మారింది. 2007లో షేర్లు మార్కెట్‌లో అమ్మితే పాత వాటాదారులకు దాదాపు 45 కోట్ల డాలర్లు వచ్చాయి. ఎక్కువ వడ్డీ కట్టిన మహిళలకు అందులో వాటా లేదు. అక్కడ మహిళలు ఖాతాదారులు మాత్రమే. 'మహిళల కోసం' అని రాసి ఉన్న ప్రతిదీ మహిళల చేతిలో ఉన్నట్టు కాదు.

మెట్లదారి

ఊటబావి గారూ, నేను ఫెలోషిప్ తీసుకున్న మనిషిని. అందుకే మీతో విభేదిస్తున్నాను.

నాకు ఆలోచన ఉంది, చేయగలనన్న నమ్మకం ఉంది. లేనిది ఉద్యోగం మానే ధైర్యం. ఇంటి ఖర్చు సగం నా జీతంతోనే నడిచేది. రెండేళ్ల భృతి వచ్చాకే రాజీనామా చేయగలిగాను. సామాజిక సంస్థలు పెట్టేవాళ్లకు ఫెలోషిప్‌లిచ్చే అశోకా సంస్థను బిల్ డ్రేటన్ 1980లో మొదలుపెట్టినప్పుడు పట్టుకున్న సూత్రం ఇదే కదా. ముందు మనిషిని వెతికి, మూడేళ్ల వరకు బతుకుతెరువు టెన్షన్ లేకుండా చేస్తే, సంస్థ దానంతటదే పుడుతుంది. మీరు చెప్పిన సేవా కూడా ఒక మనిషి చొరవతో మొదలైందే.

ఇంకో మాట. పశ్చిమ బెంగాల్‌లో సర్పంచ్ పదవి మహిళలకు రిజర్వు అయిన గ్రామాలపై 2012లో ఒక అధ్యయనం వచ్చింది. వరుసగా రెండు విడతలు మహిళే సర్పంచ్‌గా ఉన్న చోట్ల, పిల్లలు ఏం కావాలన్న ఆశల్లో అబ్బాయిలకూ అమ్మాయిలకూ మధ్య ఉన్న తేడా తల్లిదండ్రుల్లో 25 శాతం, పిల్లల్లో 32 శాతం తగ్గింది. చదువులో తేడా పూర్తిగా పోయింది. అమ్మాయిలకు ఇంటిపని కొంచెం తగ్గింది. ఆ ఊళ్లలో యువతులకు కొత్తగా ఉద్యోగావకాశాలేమీ పెరగలేదట. కళ్ల ముందు ఒక మహిళ పదవిలో కనబడింది, అంతే. ఒక్క మనిషి మీద పెట్టిన డబ్బు ఒక్క మనిషి దగ్గరే ఆగిపోదు.

ఊటబావి

మెట్లదారి గారూ, ఆ అధ్యయనం నాకూ ఇష్టం. కానీ అది నా వాదనకే బలమని నా ఉద్దేశం. ఆ సర్పంచ్‌లను ఎవరూ ప్రతిభ చూసి ఎంపిక చేయలేదు. ముందు శిక్షణ పూర్తి చేయాలన్న షరతూ లేదు. పదవి ఇచ్చారు, దాంతోపాటు పంచాయతీ నిధులపై అధికారం వచ్చింది. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్‌లపై 2004లో వచ్చిన ఇంకో అధ్యయనంలో, మహిళా సర్పంచ్‌లున్న చోట తాగునీటిపై ఎక్కువ ఖర్చు పెట్టారని తేలింది. ఆ ఊళ్లలో ఆడవాళ్లు ఎక్కువగా అడిగేది నీళ్లే. డబ్బుపై మాట చెల్లింది కాబట్టే నీళ్లొచ్చాయి.

వరుసలెక్క

నేను స్వచ్ఛంద సంస్థల లెక్కలు ఆడిట్ చేస్తాను. ఇద్దరూ ఒక విషయం వదిలేశారు.

కాగితం మీద మహిళా సంస్థ, నడిపేది భర్తో అన్నో. ఇది నేను చాలాసార్లు చూశాను. తీర్మానాల పుస్తకంలో అన్ని సంతకాలూ ఒకే రోజు, ఒకే పెన్నుతో చేసినట్టుంటాయి. అధ్యక్షురాలిని బ్యాంకులో ఎంతుందని అడిగితే పక్కకు చూస్తుంది. అలాంటి చోట షరతుల్లేని డబ్బు ఎవరి చేతికి పోతుంది?

పరిశోధనలు కూడా ఇదే చెబుతున్నాయి. శ్రీలంకలో చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్లకు ఉచితంగా పెట్టుబడి ఇచ్చి చూశారు. మగవాళ్ల వ్యాపారాల్లో లాభం పెరిగింది, సగటున ఆడవాళ్ల వ్యాపారాల్లో పెరగలేదు. ఆడవాళ్లకు వ్యాపారం రాదని కొందరు తేల్చేశారు. ఇండియా, ఘనా, శ్రీలంకల సమాచారాన్ని కలిపి 2019లో మళ్లీ పరిశీలించినవాళ్లకు అసలు సంగతి దొరికింది. ఆమెకిచ్చిన పెట్టుబడి ఇంట్లో ఇంకొకరి వ్యాపారంలోకి, ఎక్కువగా భర్త వ్యాపారంలోకి వెళ్లింది. ఇంట్లో ఆమెది ఒక్కటే వ్యాపారమైన చోట లాభం మగవాళ్లకు తీసిపోలేదు. అంటే లోపం ఆమెలో లేదు. డబ్బు ఆమె దగ్గర నిలవలేదు, అంతే. దీన్ని ఆపే ఏర్పాటు లేకుండా 'నమ్మి ఇచ్చేస్తాం' అంటే నేను ఒప్పుకోలేను.

కొత్తపొద్దు

వరుసలెక్క గారూ, మీరు చెప్పింది నిజమే. కానీ ఆ భయంతో పెట్టే షరతులు ఎవరి మెడకు చుట్టుకుంటాయో చెప్తాను.

నేను మహిళలే నడిపే ఒక సంస్థలో పద్దులు చూస్తాను. రెండేళ్ల కిందట ఒక దాత సంస్థ (పేరు అనవసరం) నాయకత్వ శిక్షణ కోసమని మాకు గ్రాంటు ఇచ్చింది. హాలు అద్దెకు డబ్బుంది, బ్యానర్లకుంది, ఫొటోలు తీసేవాళ్లకుంది. మా కార్యదర్శి జీతానికి లేదు, అది పరిపాలన ఖర్చట. ఏడాది మధ్యలో ఆఫీసు ఖాళీ చేయాల్సి వచ్చింది. శిక్షణ పద్దులో మిగిలింది కొత్త ఆఫీసు అడ్వాన్సుకు వాడుకుంటామని రాశాం. కుదరదన్నారు. ఆవిడ నాలుగు నెలలు జీతం తీసుకోలేదు. పగలంతా సభ్యుల పనులు చూసి, రాత్రి కూర్చుని ఒకే సమాచారాన్ని మూడు రకాల ఫారాల్లో నింపేది. ఒకరోజు నాతో, 'నాయకత్వం నేర్పడానికి డబ్బిచ్చారు, అద్దె కట్టాలో వద్దో నిర్ణయించడానికి మాత్రం నేను పనికిరానా?' అంది. నేనేం చెప్పలేకపోయాను. తర్వాతి ఏడాది ఆవిడ వేరే ఉద్యోగానికి వెళ్లిపోయింది. మేం ఇంకా కోలుకోలేదు.

ఇది మా ఒక్కరి బాధ కాదు. ప్రపంచవ్యాప్తంగా 740 మహిళా సంస్థలపై జరిగిన ఒక సర్వేలో, 2010లో వాటి మధ్యస్థ వార్షిక ఆదాయం 20 వేల డాలర్లు. అంటే వాటిలో సగం సంస్థలు అంతకన్నా తక్కువతో ఏడాది మొత్తం గడిపాయి. ఆ కాస్త డబ్బు కూడా పద్దులవారీగా కట్టేసి వస్తే ఇక నాయకత్వం చూపించేది ఎక్కడ?

షరతుల్లేకుండా ఇవ్వడమంటే కళ్లు మూసుకుని ఇవ్వడం కాదండీ. అమెరికా దాత మెకెంజీ స్కాట్ 2020 నుంచి పెద్ద మొత్తాలు ఇస్తున్నారు. ఎలా వాడాలన్నది ఆ సంస్థలకే వదిలేస్తారు. పరిశీలన ఇచ్చే ముందే జరుగుతుంది. 2024లో బహిరంగంగా దరఖాస్తులు పిలిచి 361 సంస్థలకు 64 కోట్ల డాలర్లు ఇచ్చినప్పుడు, తొలి వడపోత చేసింది దరఖాస్తు పెట్టిన తోటి సంస్థలే. ఇలాంటి పని చేసేవాళ్లకు నకిలీ ఏదో నిజం ఏదో ఇట్టే తెలిసిపోతుంది.

చినుకు

చిన్న సందేహం. ఫెలోషిప్ తీసుకున్న మనిషి సంస్థ వదిలేసి వెళ్లిపోతే ఆ డబ్బు సంగతేంటి? కొత్తపొద్దు గారి కార్యదర్శి వెళ్లిపోయినట్టు?

మెట్లదారి

చినుకు గారూ, ఆమె వెళ్లిపోయింది ఫెలోషిప్ వల్ల కాదు, జీతం లేక. నా వాదన అదే. మనిషి నిలబడాలంటే మనిషికి డబ్బు కావాలి. సంస్థకిచ్చిన గ్రాంటులో ముందు కోత పడేది నడిపే మహిళ జీతమే, అదీ చాలాసార్లు ఆమే తగ్గించుకుంటుంది.

వరుసలెక్క

కొత్తపొద్దు గారు చెప్పింది రెండుసార్లు చదివాను. ఆడిట్ వేరు, అనుమతి వేరు. ఖర్చయ్యాక లెక్క అడగడం నా పని. ఖర్చుకు ముందే దాత అనుమతి కోసం కాచుకునేలా చేయడం తప్పే. అయితే ఖాతా ఎవరి చేతిలో ఉందో చూడకుండా డబ్బు పంపొద్దన్న మాట మీదే ఉన్నాను. కాగితాలడిగితే సరిపోదు. వెళ్లి సభ్యుల సమావేశంలో ఒక మూల కూర్చోండి. సభ్యురాళ్లు ఖర్చు గురించి అడుగుతున్నారా, అడిగితే జవాబు ఎవరు చెబుతున్నారు? గంటలో తెలిసిపోతుంది.

ఊటబావి

అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి కమిటీకి నోట్ రాశాను.

సంస్థకే ఇవ్వాలన్న నా పట్టు మారలేదు, మూడేళ్లూ, పద్దుల కట్టడి లేకుండా. కానీ రెండు మార్పులు చేశాను. మెట్లదారి గారు చెప్పాక, నడిపే మహిళ జీతాన్ని పూర్తిగా చెల్లించడానికి సంస్థ ఒప్పుకోవాలని రాశాను. ఇది నేను పెట్టే ఒకే ఒక్క షరతు. వరుసలెక్క గారు అన్నట్టు, ఎంపికకు ముందు కమిటీలో ఇద్దరు ప్రతి సంస్థ సభ్యుల సమావేశానికి వెళ్లి కూర్చోవాలి. దానికయ్యే ప్రయాణ ఖర్చు ట్రస్టుదే, గ్రాంటులోంచి కోయకూడదు. ఏడాదికి ఒకే రిపోర్టు, వాళ్ల సభ్యులకు చదివి వినిపించిందే మాకూ పంపితే చాలు.

మెట్లదారి

నోట్ బాగుంది, జీతం మాట పెట్టినందుకు సంతోషం. కానీ అయిదేళ్ల కిందటి నాలాంటి మనిషి మీ ట్రస్టు దగ్గరకు వస్తే? సభ్యుల్లేరు, సమావేశం లేదు, రిజిస్ట్రేషన్ కూడా లేదు. ఉన్నది ఆలోచన, వదల్లేని ఉద్యోగం.

ఊటబావి

ఆమెకు ఈ నోట్‌లో చోటు లేదు, నిజమే. ఇంకా పంపలేదు. నిధిలో కొంత భాగం ఆమెలాంటివాళ్ల మొదటి ఏడాది భృతికి విడిగా ఉంచమని ఈ రాత్రే ఇంకో పేరా రాస్తాను. ఎంపిక ఎవరు చేయాలన్నది తేలట్లేదు, మా కమిటీ మాత్రం కాకూడదు. మీరు ఫెలోషిప్ ఇంటర్వ్యూలో కూర్చున్నారు కదా, మిమ్మల్ని ఎవరు అడిగి ఉంటే బాగుండేదనిపించింది?